మెట్లు లేని మంద్రం

రేడియోలో లలితగీతం వస్తున్నప్పుడు మన చెవి సహజంగా గాయకుని వెంట పోతుంది. కొంత అలవాటు పడిన తరువాత వేణువు, వయొలిన్, తబలా వేరువేరుగా తెలియవస్తవి. వీటన్నిటికీ అడుగున మరొక నాదం ఉంటుంది. ఉన్నంతసేపూ అది ఉన్నట్లే తోచదు. ఎప్పుడైనా ఆగినదా, పాట గాలిలో పెట్టిన దీపమవుతుంది. పాశ్చాత్యులు దానిని బాస్ అన్నారు. మనకు మంద్రమనే చక్కని మాట ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా స్టూడియోలో ఒక మూల నిలువెత్తు డబుల్ బాస్ ఉండేది. దానిని వాయించే పెద్దాయన నిలబడి, కళ్ళు మూసుకొని, ఎడమచేతిని దాని మెడ మీద కిందికీ పైకీ జరిపేవారు. వీణకున్నట్లు దానికి మెట్లు లేవు. వేలు ఆగవలసిన చోటును చూపే గుర్తు ఒక్కటీ లేదు. అయినా స్వరం వచ్చి సరిగా తన పీట మీద కూర్చొనేది. ఆయన పదవీవిరమణ చేసిన తరువాత దానికి గవిసెన తొడిగి ఉంచారు. ఆ మూలను దాటినప్పుడల్లా నాకు అది వాయించవలెననిపించేది. వాద్యం అటుంచి, దాని ఖరీదు తలచుకొంటేనే చేయి వెనక్కు వచ్చేది. పైగా మాది రెండు గదుల ఇల్లు. "అది ఇంటికి వస్తే మనలో ఎవరో ఒకరు వసారాలో పడుకోవలె" అన్నది మా ఇంటి ఇల్లాలు.

అటువంటి కోరిక గలవారికి ఒక మధ్యేమార్గం ఉన్నది. అదే మెట్లు లేని అకౌస్టిక్ బాస్ గిటారు. చూపునకు అది పెద్ద గిటారు. లోపల డొల్లగా ఉన్న చెక్క పెట్టె, పొడుగాటి మెడ, నాలుగు లావుపాటి తీగలు. తీగలకు కింది నుండి పైకి ఇ, ఏ, డి, జి అని పేర్లు. అట్టడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు, జి తీగ 98 సార్లు కంపిస్తవి. వరుసగా ఏ రెండు తీగలు తీసికొన్నా మొదటిది షడ్జమమైతే రెండవది శుద్ధమధ్యమం. ఒళ్ళో పెట్టుకొని వాయించవచ్చును. తలుపు వెనుక నిలబెట్టవచ్చును.

మెట్లు ఉండడం, లేకపోవడం అనే విషయంలో ఈ వాద్యం కథ కొంత తమాషా అయినది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ విద్యుత్ బాస్ గిటారును తయారుచేసి, దానికి మెట్లు బిగించి, ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టాడు. డబుల్ బాస్ మీద స్వరస్థానానికి తడుముకోవలసిన పని ఇక లేదు, వేలు ఎక్కడో ఒకచోట నొక్కితే చాలు, స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరులోని భావం. పదేళ్ళు గడిచినవో లేదో ఆ మెట్లను ఊడబెరికేవారు బయలుదేరారు. 1961లో ఇంగ్లండులో బిల్ వైమన్ అనే యువకుడు తన చవకరకం బాస్ నుండి మెట్లు తీసివేశాడు. 1966లో ఆంపెగ్ సంస్థ మెట్లు లేని బాస్‌ను తానే తయారుచేసి అమ్మకానికి పెట్టింది. 1976లో జాకో పాస్టోరియస్ తన పేరుతోనే తొలి ఆల్బం వెలువరించినప్పుడు, ఆ వాద్యం గాయకునివలె పాడగలదని లోకానికి తెలిసినది. ఆయన చేతిలోనిది 1962 నాటి పాత ఫెండర్ వాద్యం. మెట్లు తీసిన మెడ మీద పడవలకు పూసే ఎపాక్సీ పూత వేసి ఉన్నది. పాస్టోరియస్ 1987లో, నలభై నిండకుండానే మరణించాడు.

ఇవి విద్యుత్తుతో పలికేవి. కరెంటు లేకుండా చెక్కపెట్టెతోనే పలికే మెట్లు లేని బాస్ మెక్సికోలో అంతకు చాలాకాలం ముందునుండే ఉన్నది. మరియాచీ మేళాలలో కడుపు ఉబ్బిన ఆరు తీగల వాద్యమొకటి కనిపిస్తుంది. దాని పేరు గిటారోన్. దాని స్ఫూర్తితోనే ఎర్నీ బాల్ అనే ఆయన 1972లో కాలిఫోర్నియాలో ఎర్త్‌వుడ్ అనే అకౌస్టిక్ బాస్‌ను తెచ్చాడు. దాని డొల్ల బహుపెద్దది. తరువాతి తయారీదారులు ఒళ్ళో ఇమిడేందుకు డొల్లను తగ్గించారు. సౌకర్యం పెరిగినది. నాదం తగ్గినది.

కొనబోయేవారు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ సంగతే. ఇ తీగ పలికే మంద్రస్వరం గాలిలో ఒక అలగా సాగడానికి ఎనిమిది మీటర్లకు పైగా చోటు కావలె. చేతులతో చుట్టగలిగిన పెట్టె అంత పెద్ద అలను బలంగా కదిలించలేదు. మరి మనకు ఆ స్వరం ఎలా వినబడుతుంది? అరచేతిలో పట్టే ట్రాన్సిస్టరు రేడియోలో గంభీరమైన పురుషకంఠం ఎలా వినబడుతుందో అలాగే. ఆ చిన్న స్పీకరు కంఠంలోని అట్టడుగు కంపనాన్ని దాదాపు పలికించనే లేదు. పై కంపనాలను విని, వాటికి ఆధారమైన స్వరం ఇదై ఉండవలెనని చెవి తనంతట పూరించుకొంటుంది. చవక అకౌస్టిక్ బాస్ మనకు ఇచ్చేది ఆ పై కంపనాలే. గదిలో ఒక్కరే వాయించుకొన్నా, ఒక గొంతుకు తోడుగా వాయించినా అది చాలును. మృదంగం పక్కన కూర్చొన్నదా, అది మూగది. అందుచేత చాలా వాద్యాలలో గుర్రం కింద ఒక చిన్న పికప్, పక్కన బ్యాటరీతో నడిచే పెట్టె అమర్చి అమ్ముతారు. కచేరీ ఉద్దేశం ఉన్నవారు అది పనిచేస్తున్నదో లేదో అంగడిలోనే యాంప్లిఫయరుకు తగిలించి చూడవలెను. ఉద్దేశం లేనివారు ఆ డబ్బు తీగలకు ఉంచుకోవడం మేలు.

నేను కొన్న వైనం చెబుతాను. మెట్లు లేని కొత్త వాద్యం కోసం తిరిగితే రెండు అంగళ్ళలో, "అటువంటిది ఎవరు కొంటారండీ?" అన్నారు. మూడవ చోట ఒకటి ఉన్నది. నిగనిగలాడుతున్నది. ధర కూడా అందుబాటులోనే ఉన్నది. మురిసిపోయి బేరం కుదుర్చుకోబోతూ, గుర్రం వెనుక అంచున ఒక కాగితం ముక్క పెట్టి చూశాను. కాగితం జానెడు కాకపోయినా అంగుళం లోపలికి పోయినది. జిగురు విడిచి, నాలుగు తీగల లాగుడుకు గుర్రం లేస్తున్నదన్నమాట. దాని ముందు పెట్టె పైచెక్క గుంట పడి, వెనుక ఉబ్బి ఉన్నది. లావు తీగలు లాగే లాగుడు సామాన్యం కాదు. చవక వాద్యంలో మొదట ఓడిపోయేది ఈ చోటే. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరికి మెట్లు ఉన్న పాత అకౌస్టిక్ బాస్‌నే ఒక కాలేజీ కుర్రవాని దగ్గర 9,500 రూపాయలకు కొని, మెట్లు తీయించాను. ఇది చవకైన మార్గం. కాని తెలిసిన చేయి కావలె. మా వాద్యాల మేస్త్రి ఒక్కొక్క మెట్టునూ టంకం పెట్టే కడ్డీతో వెచ్చజేసి, పట్టకారుతో మెల్లగా లేవనెత్తాడు. మిగిలిన గాడులలో పలుచని తెల్లచెక్క బద్దలు జిగురుతో దించి, ఎండిన తరువాత పొడుగాటి పలకకు గరుకు కాగితం చుట్టి మెడ అంతా ఒక్క మట్టానికి తెచ్చాడు. మెట్ల ఎత్తు పోయినది గనుక తీగలు ఇప్పుడు చాలా పైన ఉంటవి. గుర్రం మీది ఎముకపట్టీని అరగదీసి, మేరువు దగ్గర గాడులను లోతుచేసి, తీగకూ చెక్కకూ నడుమ ఒక విజిటింగు కార్డు మందం సందు మాత్రం ఉంచాడు. ఈ దించడం జరగకపోతే ఎంత మంచి వాద్యమైనా వేళ్ళను హింసిస్తుంది. మేస్త్రి 2,500 తీసికొన్నాడు. అడిగినదానికంటె ఎక్కువ ఇవ్వదగిన పనితనమది.

మెడ తిన్నగా ఉన్నదా అని చూడడం కష్టం కాదు. ఒక తీగను మేరువు పక్కన ఒక చేతితో, మెడ చివర మరొక చేతితో నొక్కిపట్టండి. బిగిసిన తీగే మీకు కొలబద్ద. నడుమ కనిపించే సందు సన్నగా ఉంటే మంచిది. వేలు దూరేటంత ఉంటే మెడ వంగినట్లు. లోపలి ఇనుపకడ్డీని తిప్పి సరిచేయించవచ్చును గాని, ఆ కడ్డీ తిరుగుతున్నదో లేదో కొనకముందే అడగవలె. పెట్టె చెక్క ఏకచెక్క కాదు, ప్లైవుడ్ అని కొందరు పెదవి విరుస్తారు. వానకాలపు చెమ్మకూ రోహిణికార్తె ఎండకూ తట్టుకొనేది ఆ ప్లైవుడ్డే. చవక వాద్యానికి అది లోపమని నేననను.

అసలు జాగ్రత్త తీగల విషయంలో ఉన్నది. మామూలు బాస్ తీగల మీద గుండ్రని తీగ చుట్టి ఉంటుంది, ఆకురాయివలె గరుకుగా. మెట్లు ఉంటే ఆ గరుకు లోహానికి తగులుతుంది. లేనప్పుడు నేరుగా చెక్కకే. జారు పలికించిన ప్రతిసారీ ఆ తీగ మెడను కోస్తుంది. మెత్తని చెక్క అయితే కొద్దికాలంలోనే చారలు పడతవి. కాబట్టి చదును చుట్టు తీగలు గాని, పైన నల్లని నైలాను పట్టీ చుట్టినవి గాని వేయవలె. నైలాను చుట్టినవి ధర ఎక్కువైనా డబుల్ బాస్‌కు దగ్గరైన నాదం ఇస్తవి. నా వాద్యం ఖరీదులో నాలుగోవంతు తీగలకే అయినది.

ఇక వాయించడం. మెట్టు ఉన్న వాద్యంలో వేలు మెట్టుకు కొంచెం వెనుక పెడతాము. స్వరం ఎక్కడ పలకవలెనో మెట్టే నిర్ణయిస్తుంది. ఇక్కడ వేలికొన స్వరస్థానం మీదనే పడవలె. నా మొదటి సాయంత్రపు భాగోతం వినండి. పాత మెడ అంచున చిన్న చుక్కలు ఉన్నవి. వాటిని చూచుకొని వేళ్ళు పెట్టాను. పక్కగదిలో వయొలిన్ సాధకం చేసికొంటున్న మా అమ్మాయి ఆపి వచ్చి, "నాన్నా, వేరే రాగమా?" అన్నది. ఆ చుక్కలు మెట్టు మీద కాక రెండు మెట్ల నడుమ పెట్టినవి. స్వరమంతా అరమెట్టు దిగిపోయినది. మెట్లు తీయించిన వాద్యం కొనేవారు ఈ చుక్కలను నమ్మరాదు. తెల్లచెక్క గీతలను నమ్మవచ్చును. వాటినైనా పైనుండి వంగి చూస్తే చూపు మోసం చేస్తుంది. గీతలు ఉండడం నామోషీ అనే ఘనులు కొందరున్నారు. నలభై దాటి మొదలుపెట్టినవారికి ఆ నామోషీ అక్కరలేదు.

వయొలిన్ నేర్చినవారికి ఒక ఊరట చెప్పగలను. దీని తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు, అనగా 864 మిల్లీమీటర్లు. మొదటి స్వరస్థానమే మేరువుకు దాదాపు 48 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుచేత స్థానానికొక వేలు అనక, డబుల్ బాస్ వారివలె చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలితో పని నడపడం చేతికి సుఖం. వయొలిన్ మీద వేలు మిల్లీమీటరు తప్పితే శ్రుతి ఎంత చెడుతుందో, ఇక్కడ రెండున్నర మిల్లీమీటర్లు తప్పితేనే గాని అంత చెడదు. పొడుగు తీగ దయగలది. మెడ చివరికి పోయేకొద్దీ ఆ దయ సగమవుతుంది.

ఆ దయను నమ్ముకొని రెండు నెలలు వాయించాను. వేగంగా వాయిస్తే తప్పులు కనబడవు. ఇంకొక సులువు కూడా దొరికినది. తప్పుచోట వేలు పడిందా, సరైన చోటికి జార్చడం. వినేవారికి అది గమకమనిపిస్తుంది. మా అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. ఒకనాడు నా వాద్యాన్ని నేనే ఫోనులో రికార్డు చేసికొని విన్నాను. ఇరవై ఏళ్ళుగా అద్దానికి ఇవతల కూర్చొని, ఇతరుల శ్రుతి మీద తీర్పు చెప్పినవాణ్ణి. ఆ రికార్డింగు ఇంకెవరిదైనా అయితే మొదటి నిమిషంలోనే ఆపించి ఉండేవాణ్ణి.

అప్పుడు చాలాకాలం కిందటి ఒక గాయకుడు జ్ఞాపకం వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్రవాడు. మూడు సార్లు పాడించాను. మూడు సార్లూ అనుపల్లవి దగ్గర శ్రుతి దిగినది. మైకులో, "శ్రుతి చూచుకోండి" అన్నాను. అతడు తలఎత్తి, "అయ్యా, నాకు తంబురా సరిగా వినబడడం లేదండి" అన్నాడు. నాకు స్పష్టంగా వినబడుతున్నది. అది సాకు అనుకొన్నాను. ఆ గీతం ఆ రోజు రికార్డు కాలేదు. అతడు మళ్ళీ మా దగ్గరకు రానూలేదు.

నా గదిలో పంకా తిరుగుతుండగా, తంబురా మోతను ఫోనులో చిన్నగా పెట్టుకొని, అంతకంటె గట్టిగా నా తీగను మీటుతూ నేను చేసినది కూడా అదే. వినబడని ఆధారం మీద వేలు పెట్టడానికి ప్రయత్నిస్తున్నాను. పంకా ఆపి, తంబురా పెంచి, తీగను మెల్లగా మీటి, ఒక్కొక్క స్వరాన్ని చివరిదాకా విన్న తరువాతనే వేలు దారికి వచ్చినది. స్వరం తంబురాతో కలియకపోతే రెంటి నడుమ అలలుగా ఒక ఊగులాట వినబడుతుంది. దగ్గరకు వచ్చేకొద్దీ ఆ ఊగు నెమ్మదిస్తుంది. కలిసినప్పుడు ఆగిపోతుంది. ఆ ఆగడం కోసం పొంచి వినడమే సాధకం. ఇప్పుడు స్టూడియోలో గాయకుని మైకు పరీక్షించే ముందు, అతని చెవిలో తంబురా ఎంత ఉన్నదో నేనే లోపలికి వెళ్ళి విని వస్తున్నాను.

తంబురాతో కూర్చొన్నవారికి ఈ వాద్యం ఒక బహుమానం ఇస్తుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం తనంతట పలకడం మీలో చాలామంది విని ఉంటారు. దానినే స్వయంభూ గాంధారం అంటారు. గిటారు మెట్లు పన్నెండు సమభాగాల లెక్కతో బిగించినవి గనుక వాటి అంతరగాంధారం ఈ స్వయంభూ గాంధారం కంటె కొంచెం హెచ్చు. మెట్టు ఉన్నప్పుడు చేయగలిగినది లేదు. మెట్టు లేనప్పుడు, ఖాళీ తీగను షడ్జమంగా పెట్టుకొని, నాలుగవ గీత మీద వేలుంచి, అక్కడినుండి మేరువు వైపుకు మెల్లగా జరపండి. సుమారు 5 మిల్లీమీటర్లు జరిగేసరికి తంబురాలోని గాంధారమూ మీ వేలికింది గాంధారమూ ఒకటై, పెట్టె అంతా ఒంటికి ఆనుకొని గుమ్మంటుంది. గీతలు నమ్మదగినవేనని ఇందాక అన్నాను. గాంధారం దగ్గర మాత్రం గీతకంటె తంబురాను నమ్మండి.

దీని ధ్వనిలో ఒక అచ్చుతనం ఉన్నది. తీగ కంపిస్తూ మెడ చెక్కను సన్నగా తాకి విడుస్తుండడంవల్ల స్వరం "మ్వా" అన్నట్లు నోరు తెరుచుకొంటుంది. తంబురా గుర్రం మీద తీగ కింద దారపుపోగు జరిపి జీవా కట్టినప్పుడు జరిగేది దాదాపు ఇదే. చవక వాద్యంలో ఇది రావాలంటే మెడ మట్టంగానూ తీగలు దిగువగానూ ఉంటే చాలు. మేస్త్రికి ఇచ్చిన 2,500 ఇందుకే దండుగ కాలేదన్నాను.

మన పాటకు తోడు వాయించేవారు పాటలోని గమకాలను వెంటాడరాదని నా అభిప్రాయం. ఆ పనికి వయొలిన్ ఉన్నది. మా అమ్మాయి పాడేది ఐదు శ్రుతిలో. అప్పుడు జి తీగ ఖాళీగా మీటితేనే షడ్జమం, డి తీగ ఖాళీగా మీటితే కింది పంచమం. రెండింటికీ ఎడమచేయి అక్కరలేదు, తప్పుకు తావు లేదు. ఇ తీగ మీద మూడవ గీత దగ్గర ఇంకొక స్థాయి కిందిదైన షడ్జమం ఉన్నది. దానిని మాత్రం పల్లవి మళ్ళీ ఎత్తుకొనేచోట ఒక్కసారి వాయిస్తాను. మొన్నటిదాకా ఆ చోట అమ్మాయి పాట ఆపకుండానే కనుబొమ్మ ఎత్తి నా వేలివంక చూసేది. ఈమధ్య చూడడం మానివేసింది.